గేటు దిక్కు తిరిగిన మెడ

హైదరాబాద్,
12 జూన్ 2024

అత్తమ్మా,

నిన్న ఫోన్ చేస్తే "ఇయ్యాల పాలు వద్దు, రేపు తే" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే "చెప్పిన గదా" అని తిట్టావు. బాపుతో అంటే, "మా అక్కకు ఎదురుంగ నిలవడి ఒర్రితే ఇనవడ్తది, ఫోన్ల ఇనవడది. కండ్లయితే మంచిగున్నయ్. ఉత్తరం రాయరాదు" అన్నాడు. పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను కాసేపు చూసి, పోటీ పరీక్షకా అని అడిగాడు.

పని ఉండే రాస్తున్నాను, దాచడమెందుకు. యూనివర్సిటీలో నా పరిశోధన రెండో ఏడు నడుస్తోంది. అంశం: సినిమాలో క్వీర్ ఫినామినాలజీ, శరీరానుభవం. పేరు చూసి భయపడకు. తెర మీద ఏముందన్నది నా ప్రశ్న కాదు. చీకటి హాల్లో కూర్చున్న మనిషి ఒంటికి ఏమవుతుంది, ఆ ఒళ్ళు ఎవరి వైపు జరుగుతుంది, ఎవరికి దూరంగా ముడుచుకుంటుంది, అదీ నేను తెలుసుకోవాలనుకుంటున్నది. దీని మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. కానీ వాటిని రాసినవాళ్ళెవరూ బోధన్ టాకీసులో నేలటికెట్టు మీద కూర్చోలేదు.

నువ్వు చూడని సినిమా లేదని బాపు అంటాడు. నీతో ఉండే తారత్త అక్కడే లేడీస్ గేటు దగ్గర టికెట్లు చింపేదని కూడా చెప్పాడు. మీ ఇద్దరికీ గుర్తున్నదంతా రాయి. కథలు వద్దు, హీరోలు వద్దు. ఒళ్ళు కావాలి.

నీ మేనకోడలు,
నిఖిత

కవరు మీద అడ్రసు రాసింది నా రూమ్మేట్ సుష్మ. నా దస్తూరి చూస్తే పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం మానేస్తాడంది.


బీడీ కాలనీ, బోధన్
20 జూన్

నిఖితకు అంజవ్వ అత్తమ్మ దీవెనలు. నేను బాగున్నానని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. తార కూడా బాగుంది, మోకాళ్ళు తప్ప. నోటి మాట వేరు, చేతి రాత వేరు అని ఏడో తరగతిలో మా సారు చెప్పేవాడు. అందుకని పుస్తకంలో ఉన్నట్టే రాస్తున్నాను. తప్పులుంటే నువ్వు దిద్దనక్కర్లేదు, ముందు నీవి దిద్దుకో.

ఎందుకంటే నీ చదువు పేరు తారకు చదివి వినిపించాను. క్యూ అనే మాటను క్వీర్ అని రాశావు. ఫినాయిల్‌ను ఇంకేదో రాశావు. అంత పెద్ద యూనివర్సిటీలో ఒక్కరూ చూడలేదా? పోనీలే. టాకీసులో క్యూ, ఫినాయిల్, ఒళ్ళు, ఈ మూడింటి మీద నీకు డాక్టరు పట్టా ఇస్తారంటే నాకు సంతోషమే. వీటి గురించి మా ఇద్దరికీ తెలిసినంత బోధన్‌లో ఇంకెవరికీ తెలియదు.

ముందు క్యూ. లేడీస్ లైనుకు ఒక పక్క గోడ, ఒక పక్క ఇనుప పైపులు. ఇద్దరు పక్కపక్కన పట్టరు. ముందున్నదాని వీపుకు వెనకున్నదాని కడుపు ఆనాల్సిందే. సగం మంది బీడీలు చుట్టేవాళ్ళం, చేతులకు జర్దా ఉండేది. ఒకామె చీర కొంగు దులిపితే లైనంతా తుమ్మేది. మగవాళ్ళ లైను పెద్దది కాబట్టి వాళ్ళు పైపుల సందులోంచి చేతులు పెట్టి, "అక్కా, నాకొక్కటి తీస్కో" అని బతిమాలేవాళ్ళు.

తార గేటు దగ్గర చేరిన మొదటి రోజు పెద్ద లొల్లి అయింది. ఆమె పొడుగు మనిషి. చీర మీద ఖాకీ అంగీ తొడిగేది, జుట్టు పొట్టిగా కత్తిరించుకునేది. ఎందుకే అంటే పేన్లకు అని చెప్పేది. ఆ రోజు లైన్లో ఉన్నవాళ్ళందరూ "ఆడోళ్ళ గేటుకాడ మొగోణ్ణి పెట్టిండ్రు" అని అరిచారు. తార అంగీ కాస్త పైకెత్తి కుచ్చిళ్ళు చూపించింది. "సూశిండ్రా? ఇగ టికెట్లియ్యుండ్రి" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు తెలియదు. ఇది నీకు పనికొస్తుందో లేదో.

ఫినాయిల్ ఇంటర్వెల్‌లో పోసేవాళ్ళు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజుల్లో బయటి నుంచి మొలాసిస్ వాసన వచ్చేది. ఈ రెండూ కలిస్తే ఏడుపు సీను లేకపోయినా కళ్ళు మండేవి.

ఒళ్ళంటే ఏం రాయాలో తెలియలేదు. కుర్చీల్లో నల్లులు ఉండేవి. నేను చాట వెంట తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుని చీకట్లోనే బీడీలు చుట్టేదాన్ని. వేళ్ళు వాటి పని అవి చేసుకునేవి, కళ్ళతో అవసరం లేదు. ఇంతే.

ఇట్లు,
అంజవ్వ

సుష్మ దస్తూరి ముత్యాల్లా ఉంది. ఎవరి పిల్ల?


హైదరాబాద్,
27 జూన్

అత్తమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సుష్మ పెద్దగా చదివి వినిపించమంది, వినిపించాను. కుచ్చిళ్ళ దగ్గర ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అయితే ఒకటి చెప్పాలి. క్వీర్ అంటే క్యూ కాదు. ఇంగ్లీషులో అది మొదట తిట్టు. తేడా మనుషులు అనడం లాంటిది. తర్వాత ఆ తిట్టు పడ్డవాళ్ళే దాన్ని తమ పేరుగా పెట్టుకున్నారు. ఆడది మగాణ్ణే, మగాడు ఆడదాన్నే చూడాలని లోకం ఒక లైను గీసింది కదా, ఆ లైన్లో నిలబడని వాళ్ళ సంగతి అన్నమాట. ఇక ఫినామినాలజీ అంటే, మనం ఎటు తిరిగి ఉంటామో దాన్ని బట్టే మనకు లోకం అందుతుందని చెప్పే శాస్త్రం. రోజూ ఒకే దిక్కుకు తిరిగితే చివరికి ఒళ్ళే ఆ రూపానికి వస్తుందని అందులో ఒక మాట ఉంది.

కాబట్టి నా ప్రశ్న ఇంకోలా అడుగుతాను. హాల్లో కూర్చున్నప్పుడు నీ ఒళ్ళు ఎటు తిరిగి ఉండేది?

ఇంకో చిన్నది. అందరికీ రోమాలు నిక్కబొడుచుకునే చోట నీకు అలాగే అయ్యేదా?

నీ
నిఖిత

సుష్మది వేల్పూర్. వాళ్ళకు పసుపు తోట ఉంది. ఇంకేమైనా కావాలంటే అడుగు.


బోధన్,
8 జూలై

నిఖితకు,

నీ ఉత్తరం అందింది. లైన్లో నిలబడని వాళ్ళ గురించి అని రాశావు. అది కూడా క్యూ సంగతే కదా. నిలబడలేని వాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు తార గేటు పక్కన బల్ల వేసేది. రాసుకో.

ఒళ్ళు ఎటు తిరిగి ఉండేదని అడిగావు. ఎటుంటుంది, తెర దిక్కే అని రాయబోయాను. చెయ్యి ఆగింది. అబద్ధం రాయడం నాకు అలవాటు లేదు.

సినిమా మొదలయ్యాక తార మా కుడిపక్క గేటుకు ఆనుకుని నిలబడేది. తెరకు వీపు పెట్టి నిలబడాలి, అదే ఆమె నౌకరీ. ఎవడైనా మగవాడు లేడీస్‌లోకి దూరాడా, ఎవరి పిల్లయినా తప్పిపోయిందా చూడాలి. కాబట్టి ఆమె మా మొహాలు చూసేది. నేను ఆమె మొహం చూసేదాన్ని. తెర మీద మంట లేస్తే ఆమె చెంప ఎర్రగా అయ్యేది. వాన పడితే నీలంగా అయ్యేది. నాకు సినిమా అంత చాలు.

ఇంటికి వచ్చే దారిలో కథ చెప్పుకునేవాళ్ళం. నేను సగం చూసినదాన్ని, ఆమె అసలే చూడలేదు, మా మొహాలను బట్టి ఊహించుకునేది. ఇద్దరం కలిసి ఒక కథ తయారు చేసేవాళ్ళం. మొన్న టీవీలో ఒక పాత సినిమా వస్తే చూశాం. అందులో తల్లి చివరి దాకా బతికే ఉంది. మేము ఆమెను ఎప్పుడో చంపేశాం, ఏడ్చాం కూడా.

నా మెడ కుడి దిక్కుకే ఉంటుంది, ఎడమకు తిరగదు, నీకు తెలుసు కదా. పోయిన ఏడు మీ బాపు కంఠేశ్వర్‌లో డాక్టరుకు చూపించాడు. "ఏం పని చేస్తరవ్వా?" అన్నాడు డాక్టరు. బీడీలు అన్నాను. "బీడీలకు మెడ కిందికి వంగాలె. గిట్ల పక్కకెందుకు పోయింది?" అన్నాడు. నాకేం తెలుసు అన్నాను. తెలుసు. తార పక్కనే కూర్చుని నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

రోమాల సంగతి. హీరో వచ్చినప్పుడు అందరికీ లేచేవి, ఈలలు వేసేవాళ్ళు. నాకు ఆలస్యంగా వచ్చిన రోజు లేచేవి. అప్పటికే చీకటి కదా, మెట్లు కనపడవు. తార టార్చిలైటు నేల మీద వేసి, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని సీటు దాకా తెచ్చేది. నేను చాలాసార్లు ఆలస్యంగా వెళ్ళేదాన్ని. టికెట్టు పూర్తి సినిమాకు కొని సగం సినిమా చూస్తావా అని మీ మామయ్య తిట్టేవాడు.

ముందు రాయాల్సింది చివర రాస్తున్నాను. మంగళవారం నాడు తారకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, మాట లేదు. పెద్ద దవాఖానలో ఉన్నాం. పైన రాసిందంతా ఇక్కడి బల్ల మీద కూర్చునే రాశాను. రాస్తున్నంత సేపు కాస్త నిమ్మళంగా ఉంది. తార అన్న కొడుకు రామ్‌దాస్ బిలోలి నుంచి వచ్చాడు. వాళ్ళది నది అవతల మహారాష్ట్ర, తెలుగు వచ్చు. మంచివాడు. కొబ్బరినీళ్ళు తెచ్చాడు.

ఇట్లు,
అంజవ్వ


హైదరాబాద్,
14 జూలై

అత్తమ్మా!

ఆ మెడ! నేను రెండేళ్ళుగా పుస్తకాల్లో వెతుకుతున్నది నీ మెడలో ఉంది. మా గైడ్ శేఖర్ సార్‌కు చదివి వినిపిస్తే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెరకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి ఒకరు, ఆమెను చూడడానికి తెరను వదిలేసిన మనిషి ఇంకొకరు. ఒంటి మీద సినిమా మిగిల్చిన గుర్తు. దీని మీద ఒక అధ్యాయమే రాయొచ్చన్నాడు. వచ్చే నెల సదస్సులో చదవమన్నాడు కూడా.

తారత్త సంగతి విని బాధేసింది. ఇప్పుడు చాలామందికి నయమవుతోంది, భయపడకు. రామ్‌దాస్ రావడం మంచిదయింది, నీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇంటి మనుషులుంటే ధైర్యం.

రెండు విషయాలు అడగాలి. టార్చిలైటు వెలుగు ఏ రంగు? మణికట్టు పట్టుకున్నప్పుడు బొటనవేలు పైన ఉండేదా, కింద ఉండేదా? ఇది చిన్న విషయం కాదు.

నీ
నిఖిత


బోధన్,
21 జూలై

నిఖితకు,

పసుపు రంగు. బొటనవేలు పైన.

ఇంటి మనుషులుంటే ధైర్యం అని రాశావు. నేను ఇక్కడే ఉన్నాను కదా అని తారతో అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

రామ్‌దాస్ గురించి రాయాలి. దవాఖాన నుంచి తారను ఇంటికి తెచ్చాం. అతను గడపలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా ఇట్లా అన్నాడు: "ఇంటామె, మీరు మా ఆత్యను ఇన్నేండ్లు మంచిగ చూసుకున్నరు. మీ రుణం తీర్చుకోలేం. ఇగ ఆమెను మేం తోల్కపోతం. పదిహేను రోజులల్ల గది ఖాళీ చేస్తం."

ఆత్య అంటే వాళ్ళ మరాఠీలో మేనత్త. గది ఖాళీ చేయడమేంటో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో గది ఒక్కటే. అది ఖాళీ చేస్తే నేనూ బయటికి పోవాలి.

తర్వాత అర్థమయింది. మీ మామయ్య భీవండి మగ్గాలకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. టాకీసు మూతపడ్డాక తార ఒక సంచి పట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. వానలు తగ్గినంక పోతా అంది. ఎన్ని వానాకాలాలు వచ్చాయో. ఇల్లు నా పేరున ఉంది, బీడీ కార్మికులకు సర్కారు ఇచ్చింది. తార వాళ్ళ అన్న దగ్గరికి పోయినప్పుడల్లా నా మాట వస్తే "మా ఇంటామె" అనేదట. "మా ఇంటామె పచ్చడి పంపింది", "మా ఇంటామెకు పానం మంచిగ లేదు, పొద్దుగూకకముందే పోతా" అనేదట. వాళ్ళు ఇంతకాలం తార కిరాయికి ఉంటోందని, నేను ఇంటి ఓనరునని అనుకున్నారు.

మన దిక్కు కిరాయికి ఉన్నవాళ్ళు ఓనరమ్మను ఇంటామె అంటారు. మొగుడు పెండ్లాన్ని కూడా మా ఇంటామె అంటాడు. తార నాతో కూడా ఆ మాట అనేది, "ఏం ఇంటామె, అన్నం పెడ్తవా లేదా" అని. ఏ అర్థంలో అంటున్నావని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే తప్పు అర్థం చెబుతుందేమోనని భయం. ఇప్పుడు అడుగుదామంటే మాట లేదు.

నేను ఓనరును కాదు అని రామ్‌దాస్‌తో అన్నాను. "మరి మీరు ఆత్యకు ఏమైతరు?" అన్నాడు. దోస్తును అన్నాను. తల ఊపి, "దోస్తులు దోస్తులే, రక్తం రక్తమే" అన్నాడు. తప్పుగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు.

బిడ్డా, నువ్వు పెద్ద చదువు చదివావు. నాకు ఒక్క మాట కావాలి. నేను తారకు ఏమవుతానో రామ్‌దాస్‌కు అర్థమయ్యే మాట. అది దొరకకపోతే తారను తీసుకుపోతాడు. ఆలస్యం చేయకు.

అంజవ్వ


హైదరాబాద్,
25 జూలై

అత్తమ్మా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను, స్పీడ్ పోస్టులో పంపుతాను. మాటలు ఇవి. "సహచరి", అంటే కలిసి నడిచిన మనిషి. ఇది చాలా గౌరవమైన మాట. లేదా "జీవిత భాగస్వామి". దీన్ని ఈ మధ్య పేపర్లలో కూడా వాడుతున్నారు. "పార్ట్‌నర్" అన్నా సరిపోతుంది, మరాఠీ వాళ్ళకూ తెలుస్తుంది.

ధైర్యంగా చెప్పు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నిజానికి ఈ సంబంధానికి మన వాడుకలో మాట లేకపోవడమే ఒక పెద్ద ప్రశ్న, దాని మీదే నా మూడో అధ్యాయం.

నీ
నిఖిత

సుష్మ ఈ ఉత్తరం చదివి మొహం చిట్లించింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.


బోధన్,
31 జూలై

నిఖితా,

చేతి రాత ఇయ్యాల నాతోని కాదు. నోటికొచ్చినట్టే రాస్తున్న.

తారను తోల్కపోయిండ్రు. నిన్న పొద్దుగాల జీపు తెచ్చిండ్రు.

నీ మాటలన్ని చెప్పిన. సహచరి అన్న. రామ్‌దాస్ నా దిక్కు జూసి, గొంతు తగ్గించి, "మీరిద్దరు అడివిల పార్టీల పని జేశిండ్రా?" అన్నడు. వాళ్ళ దిక్కు పార్టీల ఉన్నోళ్ళే గట్ల రాసుకుంటరంట పేపర్లల్ల. ఆయన పెండ్లాం భయపడి బయటికి పోయింది. కాదు బిడ్డా, భాగస్వామి అన్న. గప్పుడు ఆయన మొఖం మారింది. "భాగమా? హిస్సా గురించా? ఆత్యకు మా దగ్గర భూమి ఉన్నదని మీకెవరు చెప్పిండ్రు?" అన్నడు. అప్పటిదాంక ఆదివారం పోదామన్న మనిషి, ఆ మాట ఇన్నంక రేపే పోతం అన్నడు. పార్ట్‌నర్ అనుడు నేనే బంద్ వెట్టిన.

నీ మూడో అధ్యాయం మంచిగుండనీ. నాకు మాత్రం నీ మాటలతోని ఆదివారం దాంక ఉండే మనిషి ముందే పోయింది.

జీపుల ఎక్కిచ్చేటప్పుడు తార నన్ను చూడలే. కండ్లు మూసుకునే ఉన్నది. పడిపోయిన ఎడమ చెయ్యి కిందికి ఏలాడుతుంటే నేనే ఎత్తి కడుపు మీద పెట్టిన. ఒక మాటన్న రాదాయె, ఒక సైగన్న లేదాయె. అన్నం రెండు తట్టలల్ల పెట్టుకున్న రాత్రి, అలవాటుకు. రెండో తట్ట జూసి బాగ ఏడ్చిన. ఇంట్ల ఎవరు లేకుంటే గట్టిగ ఏడ్వొచ్చని గిప్పుడే తెలిసింది.

నాకు సహచరి వద్దు, భాగస్వామి వద్దు. నాకు తార గావాలె.

మీ రూమ్మేట్ పిల్ల మంచిది. మొఖం చిట్లించింది ఆమెనే. నీకు అర్థం కాలే. రూమ్మేట్ అంటే గది ఖాళీ జేసి పోయేటోళ్ళే గద? రామ్‌దాస్ గూడ తారను గట్లనే అనుకున్నడు. నువ్వు గూడ జెర జూసుకో.

అంజవ్వ


హైదరాబాద్,
5 ఆగస్టు

అత్తమ్మా,

సదస్సుకు పేరు తీసేయమని శేఖర్ సార్‌కు చెప్పాను. కారణం అడిగాడు. మా అత్తమ్మ కష్టంలో ఉంది అన్నాను. పేపర్ తయారయిందా లేదా అన్నాడు. వచ్చేశాను.

ఆదివారం బోధన్ వస్తున్నాం. అక్కడి నుంచి బిలోలి వెళ్దాం. రామ్‌దాస్‌తో నేను మాట్లాడతాను. ఏ మాట వాడాలో నాకు తెలియదు. ఈసారి తెలుసని చెప్పను.

వస్తున్నాం అన్నాను కదా, సుష్మ కూడా వస్తోంది. కారు ఆమెదే, నడిపేది ఆమే. అత్తమ్మా, సుష్మ రూమ్మేట్ కాదు. మేమిద్దరం కలిసి ఉండడం మొదలుపెట్టి చాలాకాలమయింది. బాపుకు తెలియదు. ఇంత రాయడానికి సాయంత్రమంతా పట్టింది. రాశాక సుష్మకు చూపించాను. చదివి, కవరు తెచ్చి అడ్రసు రాసింది.

మేము వచ్చే దాకా అన్నం తిను.

నిఖిత


బోధన్,
10 ఆగస్టు

నిఖితకు అత్తమ్మ దీవెనలు. సుష్మకు కూడా.

నీ ఉత్తరం గురువారం అందింది. ఇది పోస్టులో వేయను, రేపు మీరు వచ్చాక చేతికే ఇస్తాను. వేల్పూర్ వాళ్ళు పసుపు బాగా పండిస్తారు, కారు కూడా బాగానే నడుపుతారనుకుంటాను. మీ బాపుకు నేను చెబుతాను. కోపానికొస్తాడు. రానీ, నేను వాడి అక్కను. అయినా చేతిరాత బాగున్న పిల్ల మీద ఎవరికీ ఎక్కువకాలం కోపం ఉండదు.

ఆదివారం వస్తామన్నావు. ఆగలేకపోయాను. శుక్రవారం పొద్దున్నే బిలోలి బస్సెక్కాను. బస్సులో అందరూ మరాఠీ మాట్లాడుతున్నారు, నాకు తెలుగే సరిగా వినబడదు కాబట్టి ఇబ్బంది కాలేదు. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఏమీ తోచలేదు. ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను.

రామ్‌దాస్ కంగారు పడ్డాడు, అయినా కూర్చోమన్నాడు. అతని భార్య మన మోస్రా ఊరి పిల్ల. నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది: "తల్లీ, ఆమె ఏం తింటలేదు. నోట్ల చెంచ పెడితే పండ్లు గిట్టకరుస్తున్నది. మాట ఇగ రాదని డాక్టరన్నడు. మేం ఏం తక్కువ జేస్తలేం." నిజమే, ఏం తక్కువ చేయలేదు. కొత్త పరుపు వేశారు, ఫ్యాను పెట్టారు. తార గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. నాకు ఏడుపొచ్చింది గానీ వాళ్ళ ముందు ఏడవలేదు.

"ఆత్యా, మీ ఇంటామె వచ్చింది" అన్నాడు రామ్‌దాస్.

తార తల తిప్పింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నోరు ఒక పక్కకు పోయి ఉంది, పెదవి వణుకుతోంది. చాలాసేపు పట్టింది. నాకు చెవులతో వినబడలేదు, పెదవులు చూశాను.

"గిప్పుడా... వచ్చేది?" అంది.

రామ్‌దాస్ లోటా కింద పడేశాడు. తార ఆగలేదు. ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటూ, కారుతున్న నోటితోనే మొదలుపెట్టింది. "మొఖం... జూడు. తలకు... నూనె లేదు. తిన్నవా? తినలే. నాకు... తెల్వదా? నన్ను... పంపుతవా? పంపుతవానే... నువ్వు? సిగ్గు... లేదా?" ఇంకా అంది. అవి ఉత్తరంలో రాసే మాటలు కాదు.

నేను ఏం చేయాలి? కొంగుతో ఆమె నోరు తుడిచి, "అయితే ఏంది, ఎప్పుడు రావాల్నో నువ్వు చెప్పినవా? నోరు మూసుకుని పోయినవ్ జీపుల" అన్నాను. "నోరు... వస్తె గద" అంది.

మోస్రా పిల్ల ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మొగుడి భుజం మీద గట్టిగా చరిచింది. "ఏమయ్య, కిరాయికున్నోళ్ళు ఓనరును గిట్ల తిడ్తరా ఎక్కడన్న? నేను నిన్ను తిట్టినట్టే తిడ్తున్నది గద!"

రామ్‌దాస్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, తారను చూశాడు. బయటికి పోయి జీపు తెచ్చాడు. పరుపు తనే మడిచి వెనక వేశాడు. తారను పిల్లను ఎత్తినట్టు ఎత్తి నా పక్కన కూర్చోబెట్టాడు.

నది మీది సాలూర వంతెన దాటేదాకా తార తిడుతూనే వచ్చింది. సగం నాకు అర్థం కాలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇట్లు,
అంజవ్వ, తారాబాయి